మెట్ల మీద సెలవు

మొన్న ట్రామ్‌లో ఒక పెద్దావిడ దిగబోతూ బటన్‌ని మోచేత్తో నొక్కింది. మాస్కులు పోయి, వాటి గొడవ జనం మర్చిపోయి చాలా రోజులైంది. ఇప్పుడు అందరూ వేలితోనే నొక్కుతున్నారు, ఆ వేలితోనే ముక్కూ తుడుచుకుంటున్నారు. ఈవిడ మాత్రం బ్యాగు చంకలోకి జరుపుకుని, మోచేతి ఎముకతో టక్కున ఒకటిచ్చింది. తలుపు తెరుచుకుంది, ఆవిడ దిగిపోయింది. నేను దిగాల్సిన స్టాపూ అదే. దిగలేదు. మోచేత్తో లోకాన్ని నెట్టుకొచ్చిన ఇంకో మనిషి గుర్తొచ్చి అలాగే కూర్చుండిపోయాను.

నాకు గుర్తొచ్చినావిడ పోయి ఏడాది దాటింది. పేరు చెప్పను. బతికుండగా వాట్సాప్ గ్రూపులో తన పేరు కనపడితేనే "మధ్యలో నన్నెందుకు లాగారు" అని తగువు పెట్టుకునే మనిషి. నేను అమ్మా అనేవాణ్ణి. ఆవిడ నన్ను 'ఏమయ్యా' అనేది, కోపమొస్తే 'ఏం బాబూ' అనేది. బాబు అన్న మాట వినపడిందంటే ఆ పూట నా టీలో చక్కెర పడదు.

నేను కార్ల్స్‌రూహెలో ఒక ఇండియన్ హోటల్లో వంటవాణ్ణి. చదువు సంగతి అడక్కండి. ఏడో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. దుబాయిలో కొన్నాళ్ళు ఉల్లిపాయలు తరిగి, తరిగీ తరిగీ జర్మనీలో తేలాను. కరోనా వచ్చిన రెండో చలికాలం హోటలు తలుపులు మూశారు, పార్సిళ్ళు మాత్రం ఉంచారు. పార్సిళ్ళకి ఒక వంటవాడు చాలు. ఆ ఒక్కడు నేను కాదు. ఇంట్లో కూర్చుని గోడకి జోకులు చెప్పుకుంటున్న రోజుల్లో తెలుగువాళ్ళ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది: నాన్నకి డిమెన్షియా, జర్మన్ మొత్తం మర్చిపోయారు, తెలుగే మాట్లాడుతున్నారు, అమ్మకి కొన్ని మధ్యాహ్నాలు విశ్రాంతి కావాలి, తెలుగొచ్చినవాళ్ళు ఎవరైనా వచ్చి నాన్నతో కూర్చుంటారా అని. రాసింది వాళ్ళ కూతురు. డ్రెస్డెన్‌లో చిప్పులు తయారుచేసే కంపెనీలో పని చేస్తుంది. తెలుగు రావడం తప్ప ఇంకే అర్హతా అడగని ఉద్యోగం నా జీవితంలో అదొక్కటే.

ఇలా వెళ్ళి కూర్చోవడానికి జర్మన్‌లో ఒక పేరుంది. పలకాలంటే మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. అర్థం మాత్రం చిన్నదే: రోగిని చూసుకునే మనిషిని కాసేపు వదిలిపెట్టడం. అంటే నేను కూర్చునేది ఆయన దగ్గర, వెళ్ళేది ఆవిడ కోసం. ఈ సంగతి కూతురికి తెలుసు, ఇన్సూరెన్సు వాళ్ళకి తెలుసు, నాకు తెలుసు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.

మొదటి రోజు తలుపు తీసి నన్ను ఇంట్లోకి రమ్మనలేదు, నేరుగా బాల్కనీలోకి తోలింది. అక్కడ అప్పటికే బంగాళదుంపలు, పాల డబ్బాలు, ఒక కాలీఫ్లవరు వరసగా ఉన్నాయి. బజారునించి వచ్చిన ప్రతిదాన్నీ సబ్బునీళ్ళతో తుడిచి అక్కడ గాలికి పెట్టేది. నన్ను తుడవలేదు గానీ చేతుల మీద మందు చల్లి కాలీఫ్లవరు పక్కన నిలబెట్టింది.

"ఎంతసేపు ఆరాలె అమ్మా నేను?"

"నీ నోరు ఆరేదాకా," అంది అద్దం తలుపు అవతల్నించి. "ట్రామ్‌లో వచ్చావా? కూర్చున్నావా, నించున్నావా?"

"నించున్న."

"ఏం పట్టుకుని నించున్నావు?"

"దేవుణ్ణి."

ఆవిడ నవ్వలేదు. రెండు మాస్కుల పైన కళ్ళు మాత్రం నన్ను కిందా మీదా చూశాయి. తర్వాత తలుపు కొంచెం తెరిచి, లోపల సోఫాలో కూర్చున్న ఆయనకి వినపడకుండా చెప్పింది. "చాదస్తం అనుకుంటున్నావు కదూ. నేను మంచాన పడకూడదయ్యా. నేను పడ్డానంటే ఆయన్ని హైమ్‌లో, అదే ముసలాళ్ళ హోములో, వేస్తారు. ఇప్పుడు ఆ హోముల్లోకి ఎవర్నీ రానివ్వట్లేదు, కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపి రావాలి. అద్దం అవతల ఉన్నది నేనని ఆయనకి ఎవరు చెప్తారు? ఏ భాషలో చెప్తారు?"

 నాకు ముందు ఒక జర్మన్ అమ్మాయి వచ్చేదట, మంచి పిల్ల. ఆ పిల్ల మాట అర్థంకాక, ఇంట్లో ఎవరో దూరారని ఆయన గొడుగు ఎత్తారట. జీవితమంతా జర్మన్ల ఎముకలు అతికించిన డాక్టరు ఆయన.

ఆవిడకీ బాగుండేది కాదు. వంటింట్లో నిలబడి ఉన్నట్టుండి గట్టు పట్టుకునేది. కళ్ళు తిరిగాయా అంటే, ఉప్పు డబ్బా వెతుకుతున్నాను అనేది. గుండె డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవడం, ఆ రోజు దగ్గరపడగానే ఫోన్ చేసి రద్దు చేసుకోవడం, మళ్ళీ తీసుకోవడం. నేను వచ్చాను కాబట్టి ఇంక వెళ్తుందని కూతురి ఆశ. టెర్మిన్ దాకా ఎందుకు, ముందు గుమ్మం దాటించడమే నా వల్ల కాలేదు.

కారణం ఒక పట్టింపు. బయల్దేరిన మనిషిని 'ఎక్కడికి' అని అడిగితే పని చెడుతుంది, వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. మామూలు ఇళ్ళలో దాంతో ఇబ్బంది లేదు. ఒకసారి తిట్లు తిన్నవాడు రెండోసారి అడగడు. ఇక్కడ అడిగే మనిషికి తాను అడిగిన సంగతే గుర్తుండదు.

ఆవిడ కోటు తొడుక్కునేది, మాస్కు మీద మాస్కు పెట్టుకునేది, బూట్ల జిప్పులు లాక్కునేది. తలుపు పిడి మీద మోచెయ్యి పడేసరికి సోఫాలోంచి గొంతు.

"ఎక్కడికే?"

ఆవిడ ఆగేది. జిప్పులు కిందికి, బూట్లు పక్కకి, మాస్కులు గడ్డం కిందికి. కుర్చీలో కూర్చుని రెండు గుక్కలు తాగేది. మళ్ళీ జిప్పులు పైకి. మళ్ళీ, ఎంతో ప్రేమగా, "ఎక్కడికే?"

"అమ్మా, ఇట్లనే నీళ్ళు తాగుకుంట పోతే మీరు పోవాల్సింది బయటికి కాదు, బాత్రూంకు," అన్నాను.

"నవ్వకు. మా నాన్న ఇలాగే ఎవరో అడిగితే ఆగకుండా వెళ్ళి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు."

"ఇంకేం మరి, మీ ఇంట్ల ఎముకల డాక్టరే ఉన్నడు కద."

మాస్కు కొంచెం కదిలింది. నవ్విందో తిట్టిందో కనపడలేదు.

"ఇన్నేండ్ల సంది జర్మనీల ఉన్నరు, గివి ఇంకా నమ్ముతరా?"

"నమ్మను. కానీ నిజమో కాదో పరీక్ష పెట్టి చూసే రోజులా ఇవి?"

అదీ ఆవిడ. నమ్మకం కాదు, భయం. ఉన్న భయాలకి తోడు కొత్తది ఇంకోటి చేర్చుకునే ధైర్యం లేదు.

చివరికి నా మోకాలు పనికొచ్చింది. "సార్, మోకాలు పట్టేసింది" అని కుంటుకుంటూ ఆయన ముందుకు వెళ్ళాను. ఆయన వెన్ను నిటారుగా అయింది. "లోపలికి పద, పడుకో," అన్నారు. లోపలి గదిలో మంచమ్మీద నన్ను పడుకోబెట్టి, కాలు మడిచి, చాచి, చిప్ప చుట్టూ బొటనవేళ్ళతో నొక్కి చూశారు. నా పేరు తెలియదు, ఏ ఊళ్ళో ఉన్నారో తెలియదు, వేళ్ళకి మాత్రం అన్నీ తెలుసు. "బరువు తగ్గమని ఎన్నిసార్లు చెప్పాను నీకు" అని ఆయన తిడుతుంటే బయట తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు వినపడింది.

చెప్పిన టైముకి ఆవిడ తిరిగొచ్చింది. ఎలా ఉందమ్మా అంటే, "బావుంది, పార్కులో బాతులున్నాయి" అంది. ఇంకోసారీ బాతులే. ఆ తర్వాతా బాతులే. నేను గొప్పగా కూతురికి ఫోన్ చేసి, మీ అమ్మ మస్తు తిరుగుతున్నదని చెప్పాను. "ప్రీమా, చాలా బావుంది అంకుల్" అని ఆ అమ్మాయి ఎంతో సంతోషపడింది.

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే చెత్త సంచీ పట్టుకుని కిందికి బయల్దేరాను. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య మెట్లు తిరిగే చోట, మడిచిన పేపరు మీద ఆవిడ కూర్చుని ఉంది. కోటు, రెండు మాస్కులు, ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద రెండు చేతులు. రైలు కోసం ఎదురుచూసే మనిషిలా ఉంది.

నేను సంచీ కింద పెట్టాను. "బాతులు ఇటే వస్తయా అమ్మా?"

ఆవిడ ఉలిక్కిపడి, ముందు నా వెనక తలుపు వైపు చూసింది. "ఆయన్ని వదిలేసి వచ్చావా?"

"పండుకున్నరు. ముందు మీ సంగతి చెప్పుండ్రి."

"ఎక్కడికెళ్ళనయ్యా. కొట్లు మూశారు, కాఫీ తాగే చోట్లు మూశారు. ఒకళ్ళింటికి వెళ్తే వాళ్ళకి భయం, నాకూ భయం. నీ మోకాలు పట్టేసిన మొదటి రోజు నిజంగానే పార్కుకి వెళ్ళాను. బాతుల్ని చూస్తూ, ఈ పాటికి ఆయన లేచారేమో, నన్ను వెతుకుతున్నారేమో అనే అనుకున్నాను. ఇక్కడైతే ఆయన మాట వినపడుతుంది."

"మీకు సెలవిచ్చిందే ఆ మాట ఇనపడకుండ ఉండనీకె కద."

ఆవిడ బ్యాగు జిప్పు అటూ ఇటూ లాగింది. "ఇందాక నువ్వేదో అన్నావు, ఆయన నవ్వారు. నా దగ్గర ఆయన నవ్వి చాలా రోజులైంది. నన్ను చూస్తే ఏదో పని చెప్పడానికే వచ్చానని ఆయనకి భయం. తినండి, లేవండి, విప్పండి. ఏమన్నావయ్యా, అంత నవ్వారు?"

"చెప్పరానిది."

"చెప్పు."

"మీ సాంబారు గురించి."

"ఏం బాబూ," అంది.

ఆ రోజునించి నేను ఆయన్ని తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టుకుని, నాటకాల్లోలా గొంతెత్తి మాట్లాడటం మొదలుపెట్టాను. లోపల ఆయన నవ్వితే బయట మెట్ల మీద దగ్గులాంటి చిన్న చప్పుడు వినపడేది. నేను ఒప్పుకున్నాను. జర్మనీ ప్రభుత్వం ఇచ్చిన విశ్రాంతిని ఆవిడకి ఇష్టమైన చోట కూర్చుని తీసుకుంటోంది, మనకెందుకు అనుకున్నాను.

అలా నడుస్తుండగా ఒక రోజు ఆయన పగలబడి నవ్వారు. బయట ఏ చప్పుడూ లేదు. నేను ఇంకో ముక్క వదిలాను, అంతకంటే మోటుది. ఆయన మళ్ళీ నవ్వారు. బయట ఏమీ లేదు. తలుపు తీసి చూస్తే ఆవిడ కటకటాలకి ఒరిగిపోయి ఉంది. బ్యాగు కింది మెట్ల మీదికి దొర్లిపోయింది. మాస్కులు లాగేస్తే పెదాలు తెల్లగా ఉన్నాయి. వెనక తెరిచిన తలుపులోంచి ఆయన పిలుస్తున్నారు, ముందు ఆవిడ పలకడం లేదు. ఆ రెండింటి మధ్య నేను ఒక మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఎమర్జెన్సీ నంబరు నొక్కడానికి ఫోన్ తీశాను. 

ఆవిడ కళ్ళు తెరిచింది. మొదటి మాట, "అమ్మాయికి చెప్పకు. హైమ్ అంటుంది."

"చెప్ప. కానీ ఎల్లుండి గుండె టెర్మిన్ ఉంది కద, దానికి పోవాలె మీరు. రద్దు చేస్తిరా, ఈ ఫోన్ ఎట్లాగు చేతులనే ఉంది."

"బెదిరిస్తున్నావా?"

"ఔ."

వెళ్ళింది. తిరిగొచ్చి కోటు కూడా విప్పకుండా నిలబడి చెప్పింది: గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది, బ్యాటరీ పెట్టాలి, వెంటనే చేరమన్నారు. పక్కన ఎవరూ ఉండటానికి లేదు, చూడ్డానికి ఎవరూ రాకూడదు. కూతురికి చెప్పక తప్పలేదు. కూతురు ఫోన్‌లో ఏడ్చింది. వాళ్ళ పాపకి పాజిటివ్, ఇంటిల్లిపాదీ క్వారంటీన్‌లో ఉన్నారు, కదలడానికి లేదు. "మమ్మీ, కొన్నాళ్ళకని తీసుకునే హైమ్ ఒకటి అడిగాను, అక్కడ బెడ్ ఉంది. నూర్ ఐన్ పార్ టాగె, కొన్ని రోజులే కదా మమ్మీ."

ఆవిడ ఫోన్ పెట్టేసి, తడి గుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడుస్తోంది. నన్ను అడగలేదు. అడిగే అలవాటు లేని మనిషి.

"నేనుంట," అన్నాను.

"నీకు ఆయన్ని నవ్వించడం వచ్చు. స్నానం చేయించడం వచ్చా?"

"మనిషంత గిన్నెలు కడిగినోణ్ణి."

"ఆయన గిన్నె కాదు," అంది. గుడ్డ పక్కన పడేసి సోఫాలో ఆయన చోట కూర్చుంది. ఆయన లోపల నిద్రపోతున్నారు. "సరే. నేను ఆయన్ని. నాకు అన్నం పెట్టు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ భుజాలు కిందికి జారాయి. ఎడమ బొటనవేలు అరచేతిని రాయడం మొదలుపెట్టింది. కింది పెదవి ముందుకొచ్చింది. ఎదురుగా ఆయనే.

"అన్నం తినుండ్రి సార్."

"తిన్నాను," అంది ఆయన గొంతుతో. "వాళ్ళింట్లో తిన్నాను."

"ఎవరింట్ల?"

"అదిగో," అని ఆవిడ మళ్ళీ ఆవిడైపోయింది. "ఎవరింట్లో అని అడక్కూడదు. అడిగితే వెతుక్కుంటారు, దొరక్క ఏడుస్తారు. అలాగా, ఏం కూర పెట్టారు అను. ఆ కూర పేరు చెప్పడానికి నోరు తెరుస్తారు, అప్పుడు ముద్ద పెట్టు."

స్నానానికి ఒక ఖాళీ చెంబు తెచ్చింది. నీళ్ళు ముందు పాదాల మీద పొయ్యాలి, తర్వాత మోకాళ్ళు, తల జోలికి వెళ్ళకూడదు. నేను తెలివిగా భుజం మీద వంపబోయాను. ఆవిడ చెయ్యి విసిరింది. చెంప మీద చెళ్ళుమంది.

"నిజంగనే కొట్టిన్రేందమ్మా."

"ఆయనా నిజంగానే కొడతారు. కోపం తెచ్చుకోకు. ఒక్క నిమిషం వెనక్కి జరిగి నిలబడు, చాలు, మర్చిపోతారు."

ఇన్నాళ్ళూ ఆ ఇంటికి వస్తున్నా నాకు తెలియని సంగతి అది. కూతురికీ తెలియదు. ఆవిడ చెంబు నా చేతిలో పెట్టి, "మళ్ళీ మొదట్నించి" అంది. ఆ సాయంత్రం నేను ఒక్క జోకూ వెయ్యలేదు.

ఆవిడ లేని రోజులు భయంతోనే గడిచాయి. పొద్దున ఆయన దగ్గితే పరిగెత్తుకెళ్ళేవాణ్ణి. చూస్తే ఉప్మా అడ్డం పడి ఉండేది. ఆయన ఆవిడ కోసం ప్రతి గదీ వెతికేవారు, బట్టల బీరువా కూడా తెరిచి చూసేవారు. "మా ఆవిడేది?" "వచ్చేస్తరు సార్." మళ్ళీ, "మా ఆవిడేది?" "వచ్చేస్తరు." కొన్నాళ్ళకి ఆ మాట ఆయనే పట్టేశారు. కిటికీ దగ్గర నిలబడి తనకు తానే "వచ్చేస్తుంది, వచ్చేస్తుంది" అనుకునేవారు. ఆవిడ ఆస్పత్రినించి ఫోన్ చేసి ఆయన్ని పిలవమనేది కాదు, గొంతు వింటే ఇంకా వెతుకుతారని. "ఫోన్ కట్ చెయ్యకుండా ఆయనకి దగ్గరగా పెట్టు, వింటుంటాను. మాట్లాడకు," అనేది. గంటలు గంటలు ఆ ఫోన్ బల్ల మీద అలాగే ఉండేది.

ఇంక రేపు వచ్చేస్తుందనగా, పక్క మంచం ఆవిడకి పాజిటివ్ వచ్చిందని ఈవిణ్ణి కదలనివ్వలేదు. కూతురు నాకు ఫోన్ చేసింది. "అంకుల్, అమ్మకి కూడా వస్తే? ఆ హైమ్‌లో బెడ్ రేపటి దాకే ఉంచుతారట. నేనేం చెప్పను?" ఏడో తరగతి తప్పినవాణ్ణి, నన్నడిగితే నేనేం చెప్తాను. ఆవిణ్ణే అడిగాను. 

"నువ్వు అలిసిపోయావా?" అంది.

"అలిసిన. కానీ ఉంట."

బెడ్ వద్దని కూతురితో చెప్పాను. మర్నాడు ఆవిడ టెస్టు సంగతి తెలిసేదాకా పొయ్యి మీద పెట్టినవన్నీ మాడ్చాను. నెగటివ్.

టాక్సీ దిగి లోపలికొచ్చేసరికి ఆవిడ సగమైపోయి ఉంది. ఎడమ చెయ్యి మెడకి కట్టిన పట్టీలో ఉంది, ముఖమంతా మాస్కే. ఆయన సోఫాలోంచి లేచారు. చొక్కా సర్దుకుని, రెండు చేతులూ జోడించారు.

"రండి, కూర్చోండి. మా ఆవిడ ఇంట్లో లేదు. వచ్చేస్తుంది."

"సార్, అమ్మనే," అనబోయాను. ఆవిడ కుడి చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో అంచున కూర్చుంది.

"పర్లేదండీ," అంది. "నాకేం తొందర లేదు."

"టీ పెట్టవయ్యా. ఇంటికొచ్చిన మనిషి."

వంటింట్లో పాలు పొంగుతున్నాయో లేదో నేను చూడలేదు, చెవులు హాల్లోనే ఉన్నాయి. మీదే ఊరండీ అని ఆయన అడుగుతున్నారు. తెనాలి పక్కన అని ఆవిడ చెప్తోంది. "అలాగా, మా ఆవిడదీ అటే. గట్టి మనిషి." "గట్టి అంటే?" "నస." ఆ తర్వాత ఆవిడ నవ్వు. దగ్గులా కాదు, నవ్వులాగే.

టీ తాగడానికి మాస్కు తీసింది. నేను ఆయన ముఖం చూశాను. ఆవిడా చూసింది. ఆయన ముఖంలో మర్యాద తప్ప ఏమీ లేదు. ఆవిడ కప్పులోకి చూసుకుంది. ఆ ఇంట్లో ఆవిడ టీ ఎప్పుడూ పొయ్యి పక్కన మీగడ కట్టి చల్లారిపోయేది; ఏ కప్పూ పూర్తి చెయ్యనిచ్చే ఇల్లు కాదది. ఆ రోజు లేవాల్సిన పని లేదు, ఆవిడ చుట్టం. వేడివేడిగా అడుగు దాకా తాగింది.

"బయట మంచు పడుతోంది," అన్నారాయన. "ఈ రోజుల్లో తిరగడం మంచిది కాదు. ఇవాళ్టికి ఉండిపోండి."

"మీ ఆవిడ ఏమైనా అనుకుంటుందేమో."

ఆయన నిజంగానే ఆలోచించారు. తలుపు వైపు ఒకసారి చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించారు.

"అనుకుంటుంది. అయినా ఉండండి."

ఆవిడ లేచి నా వైపు తిరిగింది, కోటు విప్పడానికి ఒక చెయ్యి పట్టమని.